గోటీకీ గోటీకీ మధ్య గీత

మా షెడ్డు తలుపు పక్కన మేకుకి ఒక పిట్‌మన్ ఆర్మ్ వేలాడుతుంటుంది. పనికి కొత్తగా వచ్చిన కుర్రాడెవడైనా మొదటి వారంలోనే దాన్ని తీసి పాత ఇనుము గోనెలో వేయబోతాడు. వేయనివ్వను. స్టీరింగ్ బాక్స్ కింద నుంచి చెయ్యిలా దిగి, చక్రాన్ని కదిపే రాడ్డైన డ్రాగ్ లింక్‌ను అటూ ఇటూ తోసే ముక్క అది. 1996లో నా చేత్తో నేను పాడుచేసింది.

పని నేర్చుకోవడానికి వచ్చినవాడితో మాట్లాడినట్టే రాస్తాను, నువ్వు అన్నానని ఏమీ అనుకోవద్దు. షెడ్డులో ఇంకోలా మాట్లాడటం నాకు రాదు.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. తిరుమలగిరిలో మా ఉస్తాద్ దగ్గర చేరి మూడేళ్ళయింది. అన్నీ వచ్చేశాయనుకునే వయసు. ఉస్తాద్ ఊళ్ళో లేని రోజు ఒక జిప్సీ వచ్చింది. యజమాని ఎక్కడో కమాన్ కట్టలు మార్పించి, పొడుగు షకిళ్ళు వేయించి, బండిని మూడంగుళాలు లేపించుకున్నాడు. చూడ్డానికి దర్జాగా ఉంది. తోలితే మాత్రం రోడ్డంతా దానిదే. కిందికి దూరి చూస్తే డ్రాగ్ లింక్ నిచ్చెన వేసినట్టు ఏటవాలుగా దిగి ఉంది. పిట్‌మన్ ఆర్మ్ కొస ఇంకాస్త కిందికొస్తే లింక్ మళ్ళీ పడుకుంటుంది కదా అనుకున్నాను. ఆలోచన తప్పు కాదు. ఆర్మ్ ఊడదీసి, గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, వైసులో పెట్టి వంచి, నీళ్ళ బకెట్‌లో ముంచాను. బుస్సుమంది. బిగించి ఇచ్చాను. బండి నిజంగానే కొంచెం మెరుగైంది. వంద రూపాయలు బక్షీస్ కూడా వచ్చింది.

నాలుగో రోజు ఆ యజమాని ఉస్తాద్‌కి నన్ను మెచ్చుకుందామని బండి వేసుకుని వచ్చాడు. ఉస్తాద్ అలవాటుగా కిందికి దూరాడు.

"గీ నీలం రంగేందిరా?"

చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఆర్మ్ ఊడదీయించి, కిరోసిన్‌తో కడిగించి, డై పెనట్రెంట్ డబ్బా తెచ్చి ఎర్ర రంగు కొట్టాడు. పావుగంట ఆగి తుడిచి, దాని మీద తెల్ల పొడి స్ప్రే చేశాడు. తెల్లటి మీద మెడ దగ్గర ఎర్రగా వెంట్రుక మందాన ఒక గీత, మెల్లగా, మా కళ్ళ ముందే పైకి తేలింది. పగులు.

"కొలిమిల కొట్టి, లెక్క ప్రకారం కాల్చి, లెక్క ప్రకారం చల్లార్చిన ఇనుము బిడ్డా ఇది. ఆ లెక్క కంపెనీకి తెలుసు. నీ బకెట్‌కు తెల్వదు."

కొత్త ఆర్మ్ ఆయన డబ్బుతోనే కొని వేశాడు. నా జీతంలో సగం సగంగా రెండు నెలలు పట్టుకున్నాడు. పగిలినదాన్ని మేకుకి తగిలించాడు. ఆయన పోయాక షెడ్డు మారాను. మేకు కొత్తది, ఆర్మ్ అదే.

మా ఉస్తాద్ సైన్యం బళ్ళు బాగుచేసే ఈఎంఈ కోర్‌లో హవల్దారుగా చేసి వచ్చినవాడు. సికింద్రాబాద్‌లో ఈఎంఈ సెంటరూ, ఆ కోర్ కాలేజీ రెండూ ఉన్నాయి కాబట్టి, పదవీ విరమణ చేసి ఇక్కడే స్థిరపడి సొంతంగా పానా పట్టినవాళ్ళు కార్ఖానా నుంచి బొల్లారం దాకా చాలామందే ఉండేవాళ్ళు. ఏటా అక్టోబర్ 15న, అది వాళ్ళ కోర్ పుట్టినరోజు, షెడ్డులో అందరికీ జిలేబీ. ఆ ఒక్కరోజు తిట్లు ఉండవు. సైన్యం వేలంలో వదిలించుకున్న బళ్ళే మాకు తిండి పెట్టాయి. మొదట మహీంద్రా జీపులు, జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీ తయారీ జోంగాలు, తర్వాత జిప్సీలు. జిప్సీ 1985 చివర్లో వచ్చింది. ముందూ వెనకా కమాన్ కట్టల మీద నిలిచే గట్టి యాక్సిళ్ళు, బరువు తక్కువ. అనంతగిరి గుట్టల్లోకి దాన్ని వేసుకుని పోయినవాడు మళ్ళీ మామూలు కారు పేరెత్తడు. బండిని ఎత్తి, పెద్ద టైర్లు వేసి, ఇంకా లోపలికి పోవాలనుకుంటాడు. అక్కణ్ణుంచి మన పని మొదలవుతుంది.

ఎత్తితే స్టీరింగ్‌కి ఏమవుతుందో ఉస్తాద్ నాకు కాగితం మీద చెప్పలేదు. 80 సెంటీమీటర్ల కర్ర ఒకటి తెమ్మన్నాడు. నువ్వూ తెచ్చుకో. కర్ర ఒక కొసను బల్ల మీద మేకుతో ఆడేలా బిగించు. అది పిట్‌మన్ ఆర్మ్ దగ్గరి గోటీ, అంటే బాల్ జాయింట్. రెండో కొస చక్రం దగ్గరి గోటీ. కర్ర అడ్డంగా, సమంగా ఉన్నప్పుడు రెండో కొసను 5 సెంటీమీటర్లు కిందికి దించు. ఆ కొస పక్కకి ఎంత జరిగింది? ఒకటిన్నర మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. ఇప్పుడు బండిని మూడంగుళాలు లేపావనుకో, కర్ర మొదలే ఏడున్నర సెంటీమీటర్లు దిగి ఉంటుంది. అక్కణ్ణుంచి అదే 5 సెంటీమీటర్లు దించు. ఈసారి పక్కకి జరిగేది 6 మిల్లీమీటర్లు దాటుతుంది. గుంత అదే, చక్రం దిగింది అంతే, కానీ లింక్ నాలుగు రెట్లు లాగేస్తోంది. నువ్వు స్టీరింగ్ తిప్పలేదు, గుంత తిప్పింది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. ఆ జిప్సీ రోడ్డంతా తనదే అనుకోవడానికి కారణం ఇది.

కాబట్టి నువ్వు కొనే ప్రతి స్టీరింగ్ సామానునీ ఒకే ప్రశ్న అడుగు. నువ్వు ఆ గీతను మళ్ళీ పడుకోబెడతావా? గీత అంటే ఇనుప రాడ్డు కాదు. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. గోటీ నడిమి నుంచి గోటీ నడిమి దాకా గీసిన గీత.

జెడ్ లింక్ అని ఒకటి అమ్ముతారు. జెడ్ అక్షరంలా రెండు చోట్ల వంచిన డ్రాగ్ లింక్. అది వేస్తే లింక్ కమాన్ కట్టకి తగలదు, బాల్ జాయింట్ మెడ విరిగేంతగా వంగదు. అంతవరకు నిజం. కానీ రాడ్డు ఎన్ని వంకలు తిరిగినా రెండు గోటీలూ పాత చోటే ఉన్నాయి. గీత పాత గీతే. బంప్ స్టీర్ వీసమెత్తు తగ్గదు. పైగా వంకర రాడ్డుని తోస్తే స్ప్రింగులా కాస్త వంగి, ఆ తర్వాతే చక్రాన్ని కదుపుతుంది. స్టీరింగ్ మెత్తబడినట్టు అనిపిస్తుంది. రెండంగుళాల లోపు లేపి, నెమ్మదిగా తోలేవాడికి ఫరవాలేదు. నేను మాత్రం నా చేత్తో వేసి చాలా ఏళ్ళయింది.

రెండోది డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్. నేను బకెట్‌లో ముంచి చేయబోయిందాన్ని ఫ్యాక్టరీలో పద్ధతిగా ఫోర్జింగ్ చేసి ఇస్తారు. గీత నిజంగానే పడుకుంటుంది. అయితే గోటీ కిందికి దిగినకొద్దీ స్టీరింగ్ బాక్స్ షాఫ్టుని మెలితిప్పడంతో పాటు పక్కకి వంచే బలం పెరుగుతుంది. పెద్ద టైరు రాయి మీద ఇరుక్కున్నప్పుడు ఆ దెబ్బంతా బాక్స్ కింది బుష్‌కీ, బాక్స్‌ని చాసిస్‌కి పట్టి ఉంచిన బోల్టులకీ తగులుతుంది. డ్రాప్ ఆర్మ్ వేసిన బండి వస్తే నేను మొదట చూసేది ఆర్మ్‌ని కాదు, బాక్స్ బిగించిన చోట చాసిస్ రేకుని. పెయింటు మీద తుప్పు రంగు సన్నని గీత కనిపిస్తే అక్కడ పగులు మొదలైనట్టే. ఈ ఆర్మ్ వేసేవాడు ఆ చోట రేకు బలం కూడా కట్టించుకోవాలి. ఆ ఖర్చు కలిపి చెబితే చాలామంది మొహం మారుతుంది.

మూడోది నాకు ఇష్టమైనది. పిట్‌మన్ వైపు దించకుండా చక్రం వైపు ఎత్తడం. చక్రాన్ని మోసి తిప్పే నకిల్ పైభాగాన కొత్త ఆర్మ్ బిగించి, డ్రాగ్ లింక్‌నీ, రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్‌నీ కమాన్ కట్టల పైకి తెచ్చేస్తారు. గీత పడుకుంటుంది, బాక్స్ మీద బరువు పెరగదు, టై రాడ్డు రాళ్ళకి అందకుండా పైకి పోతుంది. ఖరీదు ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ. యాక్సిల్ పూర్తిగా పైకి లేచినప్పుడు టై రాడ్డు చాసిస్‌కి కొట్టుకోకూడదు. కమాన్ కట్టలు విప్పి, జాక్‌తో యాక్సిల్‌ని బంప్ స్టాప్ దాకా లేపి చూసుకో. వేలు దూరేంత సందు లేకపోతే బంప్ స్టాప్ పొడుగు పెంచు. ఈ పని 2004లో మొదటిసారి పూర్తిగా నేనే చేశాను. ఉస్తాద్ స్టూలు మీద కూర్చుని చూశాడు, ఒక్క పానా అందించలేదు. అయ్యాక పక్క సీట్లో నన్ను కూర్చోబెట్టి రాజీవ్ రహదారి మీద హకీంపేట వైపు తానే తోలాడు. 60 దాటాక రెండు చేతులూ స్టీరింగ్ మీంచి తీసి బీడీ వెలిగించుకున్నాడు. అగ్గిపుల్ల ఆరిపోయింది, ఇంకోటి గీశాడు. బండి గీత మీదే పోతోంది. ఏమీ మాట్లాడలేదు. మర్నాడు తన మిలిటరీ పానాల చుట్ట, గుడ్డతో సహా, నా బల్ల మీద ఉంది.

ఏ దారి ఎంచుకున్నా డ్రాగ్ లింక్ పొడుగు మార్చుకునే వీలున్నదే కొను. ఎత్తాక స్టీరింగ్ చక్రం వంకరగా నిలుస్తుంది. కొందరు పైన స్టీరింగ్ ఊడదీసి తిన్నగా పెట్టి మళ్ళీ బిగించేస్తారు. కంటికి తిన్నగా ఉంటుంది, లోపల బాక్స్ మాత్రం పక్కకి తిరిగే ఉంటుంది. బాక్స్ నడిమధ్యలో పళ్ళు బిగువుగా పట్టుకుంటాయి, పక్కలకి పోయినకొద్దీ వదులవుతాయి. బండి తిన్నగా పోయేటప్పుడు బాక్స్ నడిమిలో ఉండాలి. అందుకే సర్దుబాటు లింక్ దగ్గర చేయాలి. వదులు కనిపించిందని బాక్స్ మీద స్క్రూ బిగించేవాళ్ళు ఇంకో రకం. ఆ స్క్రూ చివరి మందు. అన్ని జాయింట్లూ చూశాకే దాని జోలికి పోవాలి. ఎక్కువ బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ వెనక్కి రాదు.

ఇప్పుడు సామాను కొనడానికి రాణిగంజ్ పోదాం. బైబిల్ హౌస్ వైపు నుంచి నడిస్తే దుకాణం తర్వాత దుకాణం. ఏ సామాను అడిగినా ముందు వచ్చే ప్రశ్న "కంపెనీదా, లోకలా?" కంపెనీది అంటే డబ్బా బాగుంటుంది అని మాత్రమే అర్థం చేసుకో. డబ్బా నీ బండికి బిగించరు. టై రాడ్ ఎండ్ చేతిలోకి తీసుకుని గోటీ కాడని వేళ్ళతో కదుపు. కొత్తది గట్టిగా, ఎటు తిప్పినా ఒకే బిగువుతో కదలాలి. గిలక్కాయలా ఆడితే వదిలెయ్. ఒకచోట జారి ఒకచోట పట్టుకున్నా వదిలెయ్. తర్వాత ఒంటి మీద అతుకు గీత చూడు. ఫోర్జింగ్‌కి ఆ గీత వెడల్పుగా, గ్రైండింగ్ చేసినట్టు ఉంటుంది. సన్నగా దారంలా ఉంటే పోత ఇనుమని అనుమానించు. నట్టుకి స్ప్లిట్ పిన్ గాట్లు, కాడకి పిన్ రంధ్రం ఉండాలి. మద్రాసు రానే కంపెనీ వాళ్ళు ఎప్పట్నుంచో ఇవి చేస్తున్నారు. జీపు కాలం నుంచి ఉస్తాద్ ఆ పేరే అడిగేవాడు, నేనూ అదే అడుగుతాను. అయినా వేళ్ళతో చూడకుండా తీసుకోను.

అన్నిటికన్నా ముఖ్యమైంది టేపర్. గోటీ కాడ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, ఆర్మ్ రంధ్రం కూడా అదే వాలుతో ఉండాలి. ఈ పాఠం నేను ఒక మోటు తప్పు చేసి నేర్చుకున్నాను. కాస్త బలమైనది వేద్దామని ఇంకో పెద్ద బండి టై రాడ్ ఎండ్ జిప్సీకి వేశాను. దూరింది, నట్టు బిగిసింది, పిన్ను పడింది. అంతా అయినట్టే ఉంది. పది రోజుల్లో బండి టకటకమంటూ వచ్చింది. విప్పితే కాడ మీద ఒక్కచోట మాత్రమే ఉంగరంలా మెరుపు. వాలు వేరు. పైఅంచు మీదే నిలబడి, మిగతా కాడంతా గాలిలో ఆడుతోంది. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిపోయింది. నకిల్ కూడా మార్చాల్సొచ్చింది. అప్పట్నుంచి ఇంజనీర్స్ బ్లూ ట్యూబు జేబులోనే ఉంటుంది. కాడకి పొరలా నీలం పూసి, రంధ్రంలో పెట్టి ఒకసారి తిప్పి తియ్. రంధ్రం లోపల నీలం చుట్టూ, పైనుంచి కిందికి పరుచుకుంటే సరిపోయినట్టు. పైనో కిందో ఒక చుట్టే అంటితే ఆ సామాను వెనక్కి ఇచ్చెయ్. షాపు సేటు విసుక్కుంటాడు. మొదట్లో నన్నూ విసుక్కున్నారు. ఇప్పుడు నేను వస్తే తుడుచుకోవడానికి గుడ్డ కూడా వాళ్ళే ఇస్తారు.

టై రాడ్ సొంతంగా చేయించుకునేవాళ్ళు ఉన్నారు. తప్పు లేదు, పైపు ఏదో తెలిస్తే. నీళ్ళ పైపుకి మరలు కోసి వేసిన బండి ఒకటి అనంతగిరి నుంచి ట్రాలీ మీద వచ్చింది. రెండు ముందు చక్రాలూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. అతుకు లేని మందపాటి సీమ్‌లెస్ పైపో, ఈఎన్8 రాడ్డో తీసుకుని మంచి లేత్ దగ్గర మరలు కోయించు. ఒక కొసకి కుడి మర, ఇంకో కొసకి ఎడమ మర. రాడ్డు తిప్పితే రెండు పక్కలా ఒకేసారి పొడుగవడానికే ఆ ఏర్పాటు. చేరిన కొత్తలో ఎడమ మర కొసను కుడి మర అనుకుని పైపు తొడిగి, ఇద్దరం వేలాడి, విరగ్గొట్టాం. ఉస్తాద్ ఆ రోజు నవ్వాడు. తనూ ఓసారి విరగ్గొట్టాడట.

రోజ్ జాయింట్లు ఇంటర్నెట్‌లో చూసి అడుగుతారు. మెరుస్తాయి, బలమైనవి. పోటీ బళ్ళకి బాగుంటాయి. కానీ వాటికి రబ్బరు బూటు ఉండదు. మన దుమ్ము, మన వానాకాలం బురద గోటీలోకి పోయి గరగర అరగదీస్తాయి. రోజూ ఆఫీసుకి పోయే బండికి బూటు ఉన్న, గ్రీజు పట్టే గోటీలే వెయ్యి.

స్టీరింగ్ డాంపర్ గురించి చెప్పకపోతే ఈ పాఠం పూర్తి కాదు. కొన్నేళ్ళ క్రితం ఐటీ ఉద్యోగం చేసే కుర్రాడొకడు జిప్సీ తెచ్చాడు. లిఫ్టు, 235/75 ఆర్15 టైర్లు, ముందు రెండు డాంపర్లు. పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే మీద 70లో పోతూ ఒక ఎక్స్‌పాన్షన్ జాయింట్ దాటగానే స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కుని కొట్టుకోవడం మొదలుపెట్టిందట. మొత్తం బండి వణికింది. వాబ్లింగ్ అంటాం. నిలిచేదాకా ఆగలేదు. కింద దిగుదామంటే దగ్గర్లో దారి లేదు, అది పదకొండున్నర కిలోమీటర్ల వంతెన. పక్కన కూర్చున్న భార్య ఆ తర్వాత బండి ఎక్కలేదని చెప్పాడు. అంతకుముందు చూసిన వర్క్‌షాపు వాళ్ళు ఒక డాంపర్ వేశారు, తగ్గకపోతే రెండోది వేశారు.

డాంపర్ జ్వరం మాత్ర లాంటిది. నేను మొదట చేసే పని రెండు డాంపర్లూ విప్పేయడం. అప్పుడు జబ్బు బయటికొస్తుంది. బండి నేల మీదే ఉండాలి, జాక్ వద్దు. ఒకడు పైన కూర్చుని స్టీరింగ్‌ని పావుచుట్టు అటూ ఇటూ ఆడిస్తాడు. ఇంకొకడు కింద ఒక్కో జాయింట్ మీద అరచెయ్యి పెట్టి పడుకుంటాడు. కంటికి కనపడని వదులు చేతికి తెలుస్తుంది, టిక్ అని. మా షెడ్డులో కొత్తవాడికి మొదటి ఉద్యోగం ఇదే. ఆ రోజు కింద ఉన్నవాడు అన్ని గోటీలూ బాగున్నాయన్నాడు. నిజమే, అన్నీ కొత్తవి. చక్రం ఎత్తి పైనా కిందా పట్టి ఊపితే నకిల్ మొత్తం కదిలింది. పోయినవి నకిల్ తిరిగే కింగ్ పిన్ బేరింగులు.

వాటి బిగువు చూడటానికి కంపెనీ పుస్తకంలో స్ప్రింగ్ కాటా వాడమని ఉంటుంది. నా కాటా మోండా మార్కెట్‌లో కొన్నది. "ఏం తూస్తవన్నా?" అని అడిగాడు అమ్మినవాడు. స్టీరింగ్ తూస్తానంటే నమ్మలేదు. కిలో చక్కెర పొట్లం తగిలించి సరిచూసుకున్నాను. టై రాడ్ విడదీసి, నకిల్ వెనక ఆయిల్ సీల్ విప్పేసి, ఆర్మ్ కొస రంధ్రంలో కాటా కొక్కెం తగిలించి అడ్డంగా లాగాలి. నకిల్ కదలడం మొదలయ్యేటప్పుడు ముల్లు కిలోకీ 1.8 కిలోలకీ మధ్య ఉండాలి. ఆ బండిది పావుకిలో కూడా చూపించలేదు. బేరింగ్ కప్పుల్లో రోలర్లు కొట్టిన గాట్లు వేలికి తగిలాయి. బేరింగులు మార్చి, కింగ్ పిన్ మూత కింది షిమ్ములు ఒక్కొక్కటే తగ్గిస్తూ బిగువు తెచ్చాం. ఒక మధ్యాహ్నం పట్టింది. రెండు డాంపర్ల ఖర్చుకన్నా తక్కువే అయింది.

అంతటితో తీరలేదు. క్యాస్టర్ పోయింది. కింగ్ పిన్ పైకొస కొంచెం వెనక్కి వాలి ఉంటేనే చక్రం తనంతట తాను తిన్నబడుతుంది. సైకిల్ ఫోర్కు వాలు చూడు, అదే. జిప్సీకి ముందు షకిళ్ళు బంపర్ వైపు ఉంటాయి. పొడుగు షకిల్ వేస్తే కమాన్ కట్ట ముందు కొస దిగి, యాక్సిల్ పైభాగం ముందుకి దొర్లి, ఆ వాలు తగ్గిపోతుంది. దాన్ని వెనక్కి తేవడానికి కమాన్ కట్టకీ యాక్సిల్‌కీ మధ్య చీలికలు పెడతాం. మందం వైపు ముందుకి. ఇది జిప్సీలా యాక్సిల్ కట్ట మీద కూర్చునే బండికి. కట్టని యాక్సిల్ మీదికి ఎక్కించిన బండికి మందం వెనక్కి. నా దగ్గరి కుర్రాడొకడు తిరగేసి పెట్టాడు. ఉన్న రెండు డిగ్రీలూ పోగొట్టుకుని ఇంకా అడ్డదిడ్డంగా నడిచింది. చీలిక ఉక్కుదే తీసుకో, అల్యూమినియంది యు బోల్టుల కింద చితికి పగులుతుంది. అలాగని ఎక్కువ డిగ్రీలు ఆశించకు. యాక్సిల్ పైభాగం వెనక్కి వాలినకొద్దీ డిఫరెన్షియల్ ముక్కు కిందికి చూస్తుంది, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ వంపు పెరుగుతుంది. ఒకటి బాగుచేస్తే ఒకటి అలుగుతుంది. ఆ కుర్రాడి బండికి అన్నీ అయ్యాక కొత్త డాంపర్ ఒక్కటే వేశాను. భార్య ఎక్కిందో లేదో అడగలేదు.

జిమ్నీలు వస్తున్నాయి ఇప్పుడు. ఐదు తలుపులది 2023లో మన దగ్గర అమ్మకానికి వచ్చింది. అది కాయిల్ స్ప్రింగుల మీద గట్టి యాక్సిల్. యాక్సిల్‌ని పక్కకి పోకుండా పట్టే అడ్డ రాడ్డు ఒకటుంటుంది. అక్కడ గీతలు రెండు. డ్రాగ్ లింక్ ఎంత వాలితే ఆ రాడ్డూ అంతే వాలాలి. రెండూ జంట పట్టాల్లా ఉంటే బంప్ స్టీర్ దాదాపు రాదు. ఒక్కదాన్నే మార్చి, రెండోదాన్ని వదిలేస్తే ఎత్తకముందే నయం అనిపిస్తుంది. థార్ ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్. అక్కడ పిట్‌మన్ ఆర్మూ లేదు, ఈ తంటాలూ లేవు. కానీ ఎత్తినకొద్దీ టై రాడ్డూ యాక్సిల్ షాఫ్టూ రెండూ కిందికి వంగుతాయి. బూట్లు చిరిగి గ్రీజు చిమ్ముతుంటే హద్దు దాటినట్టు. రెండంగుళాలు దాటించమని వచ్చేవాళ్ళని నేను టీ ఇచ్చి పంపిస్తాను.

ఇంకో మాట చెప్పకుండా పని ఒప్పుకోను. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. రోడ్డు మీద ఆపితే నన్ను పిలవొద్దని ముందే అంటాను. నా కడుపు నింపే పనిలో సగం చట్టం గీసిన ఈ గీతకి ఇటో అటో ఉంటుంది, దాచుకోను. అందుకే మార్పు ఎంత తక్కువైతే అంత తక్కువ చేస్తాను. విప్పిన కంపెనీ సామాను గోనెలో కట్టి యజమానికే ఇస్తాను, ఎప్పుడైనా వెనక్కి బిగించుకునేలా.

పని అయ్యాక ప్రతి నట్టు మీదా పసుపు పెయింటు చుక్క పెట్టి, నట్టు నుంచి ఒంటి మీదికి చిన్న గీత లాగుతాం. నట్టు వెంట్రుకంత తిరిగినా గీత తెగుతుంది. 500 కిలోమీటర్లు తిరిగి చూపించమని చెబుతాను. బండి బాగా నడుస్తుంటే ఎవరూ రారు. అందుకని గోడ మీద సుద్దతో రాసి పెట్టుకుంటాను. తెల్ల జిప్సీ, ఆర్మీ రంగు జిప్సీ, నీలం జిమ్నీ. వచ్చి చూపించినవాటిని కొట్టేస్తాను. ఆర్మీ రంగుది రెండు నెలలుగా గోడ మీదే ఉంది, మూడుసార్లు ఫోన్ చేశాను. తెల్ల జిప్సీ ఇందాకే వచ్చింది. మా షెడ్డు కుర్రాడు చోటూ ఇప్పటికే కింద పడుకుని ఉన్నాడు, అరచెయ్యి డ్రాగ్ లింక్ మీద పెట్టి, పైనుంచి స్టీరింగ్ ఊపమని నన్ను పిలుస్తున్నాడు.